పురుగు నడక తెలిస్తే సగం గెలిచినట్టే

ఆ మధ్య ఒక బుడ్డల చేను గట్టు మీద నిలబడి ఉంటే, రైతు ఒకాయన దగ్గరకొచ్చి ఖాళీ మందు సీసా చూపించారు. "రెండు తూర్లు కొట్టినానన్నా. తెల్లారి చూస్తే ఆకు మళ్లీ జల్లెడే. నకిలీ మందు అంటగట్టినారు" అని వాపోయారు. ఎన్ని గంటలకు కొట్టారని అడిగితే, "పొద్దున పదికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి అయిపోజేసినా" అన్నారు. మొక్క మొదట్లో మట్టిపెళ్ల ఒకటి తిరగేసి చూశాం. దాని కింద పొగాకు లద్దె పురుగులు చుట్టలు చుట్టుకుని హాయిగా పడుకుని ఉన్నాయి.

మందు మంచిదో చెడ్డదో గట్టు మీద నిలబడి చెప్పలేం. ఒక్క సంగతి మాత్రం ఖాయం. మందు ఆకు మీద పడిన వేళకు పురుగు ఆకు మీద లేదు. రెండు తూర్ల మందు, కూలి, ట్యాంకుల కొద్దీ మోసిన నీళ్లు, అన్నీ వట్టి ఆకుల పాలయ్యాయి.

మనం పురుగు పేరు అడుగుతాం, దానికి మందు పేరు అడుగుతాం. అది ఎలా కదులుతుంది, ఎప్పుడు కదులుతుంది, ఎంత దూరం పోతుంది అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి సస్యరక్షణలో చాలా భాగం ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది. ఈ వారం పురుగుల నడక, గెంతు, ఎగురుడు గురించి కాస్త వివరంగా చూద్దాం.

మూడు కాళ్ల పీట

పురుగుకు ఆరు కాళ్లు. ఆరింటినీ అది ఎలా తడబడకుండా వేస్తుందో ఎప్పుడైనా గమనించారా? ఎడమ వైపు ముందు కాలు, వెనక కాలు, కుడి వైపు మధ్య కాలు కలిపి ఒక జట్టు. మిగిలిన మూడూ ఇంకో జట్టు. ఒక జట్టు నేల మీద ఆనుకుని ఉంటే రెండో జట్టు లేచి ముందుకు పడుతుంది. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కుదురుగా నిలబడినట్టే పురుగు కూడా ఎప్పుడూ మూడు కాళ్ల మీద నిలకడగా ఉంటుంది. చీమ, బొద్దింక, పెంకు పురుగు, మామూలుగా నడిచేటప్పుడు అన్నిటిదీ ఇదే పద్ధతి.

గొంగళి పురుగు సంగతి వేరు. దానికి తల వెనక మూడు జతల అసలు కాళ్లు ఉంటాయి. పొట్ట కింద మాత్రం మెత్తటి బొడిపెల్లాంటి కాళ్లు, సాధారణంగా ఐదు జతలు ఉంటాయి. వాటి అరికాళ్లలో సన్నటి కొక్కేలు ఉంటాయి. వాటితో ఆకును పట్టుకుని, వెనక నుంచి ముందుకు అలలా ఒళ్లు జరుపుకుంటూ పోతుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. 2010లో అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు పొగాకును తినే ఒక పెద్ద గొంగళి పురుగును ఎక్స్‌రే కింద నడిపించి చూశారు. పురుగు పైచర్మం కదలక ముందే లోపలి పేగు ముందుకు జరుగుతోందని తేలింది. అంటే ముందు కడుపు బయలుదేరుతుంది, ఆ తర్వాత ఒళ్లు దాని వెంట వెళుతుంది!

ఆముదంలో వచ్చే దాసరి పురుగును చూడండి. దానికి పొట్ట కింద ముందున్న మెత్తటి కాళ్లు సరిగా ఎదగవు. అందుకే నడుమును విల్లులా వంచి, వెనక భాగాన్ని ముందుకు తెచ్చుకుని, మళ్లీ చాచి, జానలు కొలిచినట్టు నడుస్తుంది. ఈ నడకను బట్టే దాన్ని లద్దె పురుగు నుంచి వేరుగా గుర్తుపట్టవచ్చు. ఈ గుర్తింపుతో లాభం ఉంది. దాసరి పురుగు మీద ఒక చిన్న కందిరీగ జాతి గుడ్లు పెట్టి దాన్ని చంపుతుంది. పురుగు వెనక భాగాన చిన్న గూడు అంటుకుని ఉందంటే, ఆ కందిరీగ మీ చేలో పని మొదలుపెట్టిందన్నమాట. అలాంటి పురుగులు చాలా కనబడితే మందు జోలికి పోకుండా నాలుగు రోజులు ఆగి చూడటమే మంచిది.

పగలు నిద్ర, రాత్రి మేత

ఇక మొదట చెప్పిన లద్దె పురుగు. దీని తల్లి రెక్కల పురుగు ఆకుల మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు పుట్టిన కొత్తలో ఎక్కడికీ పోవు. ఒకే ఆకు మీద గుంపుగా ఉండి పచ్చదనం గీకి తింటాయి. ఆ ఆకు తెల్లగా జల్లెడలా మారి దూరానికే కనబడుతుంది. ఈ దశలో ఆకును తుంచి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేస్తే వందల పురుగులు ఒక్కసారిగా పోతాయి. ఖర్చు లేదు.

పెద్దవైతే అవి చెదిరిపోతాయి. పగలు ఎండకు మట్టి నెర్రెల్లో, పెళ్లల కింద, మొక్క మొదళ్లలో దాక్కుని, పొద్దుగూకాక పైకెక్కి తెల్లవార్లూ తింటాయి. అప్పుడు పగటి పూట పిచికారీ చేస్తే ఏం లాభం? పెద్ద పురుగును దాని వేళకే పట్టుకోవాలి. ఎకరాకు 5 కిలోల తవుడు, అర కిలో బెల్లం తీసుకుని, వ్యవసాయాధికారి చెప్పిన మందును చెప్పిన మోతాదులో కలిపి, తగినన్ని నీళ్లతో ఉండలు చేసి సాయంత్రం పూట మొక్కల మొదళ్ల దగ్గర వేయాలి. బెల్లం వాసనకు బయటికొచ్చిన పురుగు తిని చస్తుంది. ఎర వేసిన చేలోకి పశువుల్ని, కోళ్లను పోనీయకూడదు. కలిపేటప్పుడు చేతికి తొడుగులు తప్పనిసరి.

చేను చుట్టూ, సాళ్ల మధ్య అక్కడక్కడ ఆముదం మొక్కలు వేయమని శాస్త్రవేత్తలు చెప్పేది కూడా ఇందుకే. తల్లి పురుగు ఆముదం ఆకును ఇష్టపడి అక్కడ గుడ్లు పెడుతుంది. మనం చేనంతా వెతకకుండా ఆముదం ఆకులు చూస్తే సరిపోతుంది.

1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల్ని నిలువునా ముంచింది ఈ లద్దె పురుగే. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, చివరికి ప్రాణాలు తీసుకున్న కుటుంబాలున్నాయి. అందుకే దీని వేళలు తెలుసుకోవడం మన బతుకుకు సంబంధించిన విషయం.

బారులు తీరే గొంగళి

మెట్ట వేరుశనగకు ఎర్ర గొంగళి పురుగు పాత శత్రువు. ఏడాదిలో చాలా నెలలు ఇది భూమిలో కోశంగా నిద్రపోతుంది. తొలకరి గట్టిగా పడిందంటే రెండు మూడు రోజుల్లో రెక్కల పురుగులు నేలలోంచి లేస్తాయి. రాత్రి పూట వెలుతురు వైపు ఎగురుతాయి. అందుకే వాన పడిన తర్వాత మూడు నాలుగు రోజులు, చీకటి పడింది మొదలు రాత్రి పదకొండు దాకా గట్ల మీద మంటలు వేయమంటారు. ఒక్క రైతు వేస్తే చాలదు. ఊరంతా ఒకే రాత్రి వేయాలి.

గుడ్ల నుంచి వచ్చిన గొంగళ్లు ఒక చేను తినేసి పక్క చేనికి దండులా నడిచిపోతాయి. రెక్కల్లేవు, గెంతలేవు. నేల మీద నడవడం ఒక్కటే వాటి దారి. ఆ దారికి అడ్డంగా, మీ చేను చుట్టూ గోడలు నిటారుగా ఉండేలా లోతైన సాలు తీయండి. అందులో పడ్డ పురుగు పైకెక్కలేక చిక్కుతుంది. సాళ్లలోను, చేలో అక్కడక్కడ జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు పరిస్తే వాటి కిందకు చేరతాయి. పొద్దున్నే ఏరి చంపవచ్చు. ఒళ్లంతా పొడవాటి వెంట్రుకలు పెరిగాక మందు కూడా సరిగా పనిచేయదు కాబట్టి, చిన్నగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

గెంతేవాటి కథ

కాలువ కింద వరి వేసేవాళ్లకు సుడిదోమ గురించి చెప్పక్కర్లేదు. మొక్కను తట్టగానే పిల్ల దోమలు టక్కున పక్కకు గెంతి నీళ్లలో పడి మళ్లీ మొదలుకు ఎక్కేస్తాయి. ఈ గెంతులో కండబలం ఒక్కటే పనిచేయదు. విల్లును నెమ్మదిగా లాగి ఒక్కసారి వదిలినట్టు, కాళ్ల మొదట్లో బలాన్ని కూడబెట్టుకుని క్షణంలో వదులుతాయి.

అయితే రెండు వెనక కాళ్లూ ఒకేసారి తన్నకపోతే పురుగు గింగిరాలు తిరుగుతుంది. దీనికి ప్రకృతి చేసిన ఏర్పాటు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన సుడిదోమకు దూరపు చుట్టమైన ఇస్సస్ అనే పురుగు యూరప్‌లో ఉంది. దాని పిల్లల వెనక కాళ్ల మొదట్లో, సైకిల్ పళ్లచక్రాల్లాంటి పళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయని 2013లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఒక కాలు కదిలితే రెండోది దాంతో పాటే కదలక తప్పదు. పళ్లచక్రం మనిషి కనిపెట్టాడనుకుంటాం. పురుగు కాళ్లలో అది ముందే ఉంది!

సుడిదోమ కదలికలో రైతుకు పనికొచ్చే సంగతులు మూడు ఉన్నాయి. ఒకటి, ఇది ఆకు చివర ఉండదు, నీటి మట్టానికి పైన మొదళ్లలో ఉంటుంది. పై నుంచి ఆకుల మీద కొట్టిన మందు దానికి తగలదు. నాజిల్ మొదళ్ల వైపు తిప్పి దుబ్బు తడిసేలా కొట్టాలి. అలా కొట్టాలంటే మనిషి నడవడానికి దారి కావాలి. నాట్ల అప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తూర్పు పడమరలుగా వదలమనేది అందుకే. బాటల వల్ల గాలీ వెలుతురూ దుబ్బుల్లోకి పోయి దోమకు చల్లటి నీడ దొరకదు.

రెండు, సుడిదోమలో పొట్టి రెక్కలవి, పొడవు రెక్కలవి అని రెండు రకాలున్నాయి. పైరు లేతగా, మేత దండిగా ఉన్నప్పుడు పొట్టి రెక్కలవి ఎక్కువ. అవి ఎగరవు, అక్కడే ఉండి గుడ్లు పెడతాయి. గుంపు పెరిగి పైరు ఎండడం మొదలైతే పొడవు రెక్కలవి పుట్టి లేచిపోతాయి. అంటే మీ మడిలో పొట్టి రెక్కల ఆడ దోమలు కనబడుతున్నాయంటే సంతతి పెరగబోతోందని అర్థం. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దోమలుంటేనే మందు అవసరం. మడి నీరు తీసేసి, పైమెట్రోజిన్ లీటరు నీటికి 0.6 గ్రాములు గానీ, బుప్రోఫెజిన్ 1.6 మిల్లీలీటర్లు గానీ మొదళ్లకు కొట్టాలి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే దోమను తినే సాలీళ్లు, మిత్ర నల్లులు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది.

మూడు, పొడవు రెక్కల దోమ చిన్నదే గానీ ప్రయాణం పెద్దది. జపాన్‌లో చలికాలం ఇది బతకదు. అయినా ఏటా జూన్, జూలైల్లో అక్కడి వరిలో కనబడుతుంది. ఎక్కడిదా అని చాలా కాలం తెలియలేదు. 1967లో పసిఫిక్ సముద్రంలో ఉన్న వాతావరణ పరిశీలన ఓడ మీద, తీరానికి వందల కిలోమీటర్ల దూరాన, ఈ దోమలు గుంపులుగా వచ్చి వాలాయి. చైనా వైపు నుంచి ఋతుపవనాల గాలి మీద సముద్రం దాటి వస్తున్నాయని దాంతో రూఢి అయింది.

పత్తిలోని పచ్చదోమకు ఇంకో గుర్తుంది. ఆకు తిరగేస్తే దాని పిల్లలు ఎండ్రకాయలా అడ్డంగా, ఏటవాలుగా పరుగెత్తుతాయి. తామర పురుగులు అలా పోవు. సన్నగా సూది ముక్కల్లా ఉండి ఈనెల వెంట నిదానంగా పాకుతాయి. ఏ పురుగుకు మందు కొట్టాలో ఈ తేడాను బట్టే తెలుస్తుంది.

రెక్కలో కండ ఉండదు

పక్షి రెక్కలో కండ ఉంటుంది. పురుగు రెక్కలో కండ ఉండదు, అది పలచటి పొర మాత్రమే. తేనెటీగ, ఈగ, దోమల్లో కండలు ఛాతీ లోపల ఉండి, ఛాతీ అనే డబ్బాను నొక్కి వదులుతుంటాయి. డబ్బా మూత లోపలికి పోయి పైకి లేచినట్టల్లా, దానికి అతికిన రెక్కలు పైకీ కిందికీ ఆడతాయి. ఊయలను ఒకసారి ఊపితే నాలుగుసార్లు ఊగినట్టు, నరం నుంచి ఒక్క ఆజ్ఞ అందితే రెక్క చాలాసార్లు ఆడుతుంది. అందుకే తేనెటీగ సెకనుకు 200 సార్లకు పైగా, ఇంట్లో కుట్టే దోమ 400 సార్లకు పైగా రెక్కలాడించగలవు. మన చెవిలో వినిపించే గుయ్యిమనే శబ్దం అదే. మిడత రెక్క సెకనుకు 20 సార్లు మాత్రమే ఆడుతుంది.

తేనెటీగ పగటి పూటే పూలకు తిరుగుతుంది. పొద్దుతిరుగుడు, కంది, ఉల్లి విత్తనం పంట పూతలో ఉన్నప్పుడు పొద్దున పూట మందు కొడితే మన పంటకు గింజ కట్టించే ఈగను మనమే చంపుకున్నట్టు. కొట్టక తప్పకపోతే ఈగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టండి.

గాలిని నమ్ముకున్నవి

తెల్లదోమ, తామర పురుగు, పేనుబంక వంటి చిన్నవాటికి ఎదురుగాలిలో ఎగిరే శక్తి లేదు. తామర పురుగు రెక్క చూస్తే అంచు పొడవునా వెంట్రుకల కుచ్చు ఉంటుంది. అంత చిన్న ఒంటికి గాలి నీళ్లలా చిక్కగా తగులుతుంది కాబట్టి, కుచ్చు రెక్కతో ఈదినట్టు పోతుంది. గాలి ఎటు వీస్తే అటే దాని దారి. 2021లో మిరపలో నల్ల తామర పురుగు పూతను రాల్చేసి మన రైతుల్ని ఏడిపించింది ఇలాగే, చేను నుంచి చేనికి వ్యాపించి.

పేనుబంక ఇంకా తెలివైనది. మేత ఉన్నంత కాలం రెక్కల్లేని పిల్లల్నే కంటుంది. కొమ్మ మీద ఇరుకైతే రెక్కలున్న సంతానం పుట్టి గాలిలోకి లేస్తుంది. పిండినల్లి పిల్లలు గాలికే కాకుండా చీమల నోట, మన బట్టలకు, పనిముట్లకు అంటుకుని కూడా పోతాయి. పిండినల్లి ఉన్న చేలో చివరగా పని చేయండి, అక్కడి నుంచి మంచి చేనికి పోకండి.

వీటికి అడ్డుకట్ట మందు కాదు, గోడ. పత్తి, మిరప చేల చుట్టూ జొన్నగానీ మొక్కజొన్నగానీ రెండు మూడు వరుసలు దట్టంగా ముందుగానే వేస్తే గాలికి కొట్టుకొచ్చినవి చాలావరకు అక్కడే ఆగుతాయి. తెల్లదోమకు పసుపు, తామర పురుగుకు నీలం జిగురు అట్టలు పెట్టాలి.

మొక్కజొన్నను తినే కత్తెర పురుగు పుట్టినిల్లు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో బయటపడింది. 2018 మే నెలలో కర్ణాటకలో కనిపించి, అదే ఏడాది మన చేలకు చేరింది. దీని రెక్కల పురుగు గాలి తోడైతే ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్లు పోగలదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల సన్నటి దారం వదిలి దానికి వేలాడుతూ గాలికి పక్క మొక్కల మీదకు ఊగిపోతుంది. తర్వాత సుడిలో దూరి కూర్చుంటుంది. మందైనా, ఎరైనా సుడిలో పడితేనే ఫలితం.

వాసన దారిలో

పత్తిలో గులాబి రంగు పురుగు సంగతి. ఆడ రెక్కల పురుగు ఒక వాసన వదులుతుంది. మగది ఆ వాసన తగిలితే గాలికి ఎదురు తిరిగి ఎగురుతుంది. వాసన తప్పిపోతే అడ్డంగా అటూ ఇటూ తిరిగి, మళ్లీ దొరకగానే ముందుకు సాగుతుంది. లింగాకర్షక బుట్టలు ఈ గుణం మీదే పనిచేస్తాయి. ఎకరాకు 4 బుట్టలు, పైరు కంటే ఒక అడుగు ఎత్తులో కట్టి, పైరు పెరిగే కొద్దీ పైకి జరుపుతుండాలి. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితే మందు కొట్టే సమయం వచ్చిందని లెక్క. బుట్ట కట్టి లోపలికి తొంగి చూడకపోతే మాత్రం దండగే.

మిడతల దండు వచ్చిందా?

2020లో ఎడారి మిడతల దండు రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్ దాటి మే నెలాఖరుకు మహారాష్ట్ర విదర్భ దాకా వచ్చింది. ఈ దండు గాలి వాలులో రోజుకు 150 కిలోమీటర్ల వరకు పోగలదు. చదరపు కిలోమీటరు దండులో 4 నుంచి 8 కోట్ల మిడతలుంటాయి. అదే మిడత ఒంటరిగా ఉన్నప్పుడు సాధువు. మేత తక్కువై ఒకచోట ఇరుక్కుని, వెనక కాళ్లకు పక్కవాటి కాళ్లు మాటిమాటికీ తగిలితే, కొన్ని గంటల్లోనే దాని స్వభావం మారి గుంపు కడుతుంది. రాత్రి ఎగరదు, చెట్ల మీద వాలుతుంది. అందుకే రాత్రి, తెల్లవారుజామున మందు కొట్టారు.

అదే రోజుల్లో అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల నిండా మిడతలు కనబడి జనం హడలిపోయారు. అవి ఎడారి మిడతలు కావు, ఎప్పుడూ ఉండే జిల్లేడు మిడతలు. పురుగు కనబడగానే భయపడితే లాభం లేదు, ఏదో గుర్తుపట్టాలి.

మన వైపు నిలబడేవి

తూనీగ నాలుగు రెక్కల్నీ విడివిడిగా ఆడించగలదు. నిలిచిన చోటే నిలిచి, వెనక్కి కూడా ఎగిరి, గాలిలోనే పురుగుల్ని పట్టి తింటుంది. వానాకాలం చివర గుంపులుగా తిరిగే పసుపు తూనీగలు మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి ఆఫ్రికా పోతాయని ఛార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో రాశారు. అంత ప్రయాణం చేసేది, దారిలో మన వరిమడి మీద నాలుగు రోజులు ఆగి కూలి అడగకుండా పని చేసి పోతుంది. అనవసరంగా కొట్టిన మందు దాన్నీ చంపుతుంది.

గుర్తు పెట్టుకోండి

• చేను చూడటం పొద్దున ఒకసారి, పొద్దుగూకాక టార్చిలైటుతో ఇంకోసారి.
• పాకే పురుగుకు సాలు, ఎర. గాలికి వచ్చేదానికి అంచు పంట, జిగురు అట్ట. వాసనకు వచ్చేదానికి బుట్ట. వెలుతురుకు వచ్చేదానికి మంట, దీపపు ఎర.
• మొదట్లో ఉండే పురుగుకు మొదట్లో, సుడిలో ఉండేదానికి సుడిలో మందు పడాలి.
• లెక్క పెట్టకుండా మందు కొట్టవద్దు.
• గాలికి ఎదురుగా నిలబడి పిచికారీ చేయవద్దు. ముక్కుకు గుడ్డ, ఒంటికి నిండు బట్టలు ఉండాలి.

మొదట చెప్పిన బుడ్డల రైతు ఆ సాయంత్రమే తవుడు ఎర వేశారు. మర్నాడు పొద్దున మొదళ్ల దగ్గర చచ్చిన పురుగులు దోసిలికి ఎత్తే అన్ని దొరికాయి. కానీ అప్పటికే సగం ఆకు పోయింది, రెండు తూర్ల మందు డబ్బులూ పోయాయి. "ఒక రాత్రి దీపం పట్టుకుని చేలోకి వచ్చింటే ఇంత నష్టం లేకపోవు" అన్నారాయన. ఈ రాత్రి మీరు వెళ్లి చూడండి.